కాలేయం సహనం కోల్పోయే వేళ

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం కాలేయంలో కొవ్వు, రోగనిరోధక కణాలు. ఈ మాట వినగానే మీ కళ్లముందు ఒక బొమ్మ కదులుతుంది. ఒక పక్క ఆయుధాలు పట్టిన తెల్లరక్తకణాలు, మరో పక్క శత్రువు, మధ్యలో హోరాహోరీ పోరు. పాఠ్యపుస్తకాలు మనకు అలాగే నేర్పాయి. ఈ గంటసేపూ సైనికులు, శత్రువులు, యుద్ధం అన్న మాటలు వాడకుండా మాట్లాడాలని నా ప్రయత్నం. ఎక్కడైనా నోరు జారితే గుర్తుచేయండి. ఎందుకీ పట్టుదల అంటే, ఈ జబ్బులో బయటినుంచి వచ్చినవాడెవడూ లేడు. క్రిమి లేదు, వైరస్ లేదు. ఉన్నదంతా మన కొవ్వు, మన కణాలు, వాటి మధ్య చెడిన పొత్తు.

మీలో ఎంతమంది స్కానింగు రిపోర్టులో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" అన్న మాట చూశారు? ఒకసారి చేతులెత్తండి. చాలానే లేచాయి. ఆశ్చర్యం లేదు. ప్రపంచం మొత్తంమీద పెద్దవాళ్లలో సుమారు నూటికి 30 మందికి ఇది ఉందని అంచనా. కాలేయ కణాల్లో నూటికి ఐదు, అంతకంటే ఎక్కువ కొవ్వు బిందువులతో కనిపిస్తే ఈ పేరు పెడతాం. అయితే ఆ రిపోర్టు చెప్పేది కొవ్వు గురించే. లోపల వాపు ప్రక్రియ నడుస్తోందా, సన్నగా మచ్చ పడటం మొదలైందా అన్న సంగతి అల్ట్రాసౌండ్ తెరమీద తేలదు. కొవ్వు చేరినవాళ్లలో ఎక్కువమంది ఆ దశలోనే ఉండిపోతారు. కొందరిలో మాత్రం వాపు మొదలై, మచ్చలు పడి, ఏళ్ల తరబడి సాగి, కాలేయమంతా మచ్చలతో గట్టిపడే సిర్రోసిస్ దాకా వెళుతుంది. ఆ కొందరిలో ఏం జరిగిందన్నదే ఇవాళ్టి ప్రశ్న.

వాపు అన్న మాటతో నాకు కొంచెం ఇబ్బంది ఉంది. మరో మంచి మాట దొరకక దీన్నే వాడుతున్నాను. వాపును చూసి బలుపు అనుకున్నట్లు అని మన సామెత. అందులో వాపు కంటికి కనిపించేది. రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ల కిందట దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, ఉబ్బు, వేడి, నొప్పి. చీలమండ బెణికితే నాలుగూ తెలుస్తాయి. కాలేయం లోపల జరిగే వాపు ప్రక్రియలో ఈ నాలుగింటిలో ఏదీ మీకు తెలియకపోవచ్చు. కాలేయం పైపొరకు నొప్పి తెలిపే నాడులు ఉన్నాయి కానీ లోపలి కండకు లేవు. ఇరవై ఏళ్లు చప్పుడు లేకుండా సాగిపోగలదు. సూక్ష్మదర్శిని కింద మాత్రమే అది వాపు. అక్కడ మనం చూసేది ఉబ్బిన కణాలు, వాటి చుట్టూ గుమిగూడిన తెల్లకణాలు.

1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యుర్గెన్ లుడ్విగ్, ఆయన సహచరులు ఇరవైమంది రోగుల కాలేయ ముక్కలను పరిశీలించారు. చూడబోతే అచ్చం మద్యం తాగేవాళ్ల కాలేయంలా ఉంది. ఆ ఇరవైమందేమో మద్యం ముట్టలేదనో, తాగినా లెక్కలోకి రానంతేననో అంటారు. అప్పటివరకూ ఇలాంటి రోగి ఎదురైతే అబద్ధం ఆడుతున్నాడని వైద్యుడు అనుకునేవాడు. అది అబద్ధం కాదు, కొత్త జబ్బు అని ఆ పరిశోధన చెప్పింది. మద్యంతో పనిలేని కాలేయ వాపు అనే అర్థంలో పేరు పెట్టారు. 2023లో ఆ పేరును మార్చి, జీవక్రియ లోపాలకు ముడిపెట్టారు. ఒక జబ్బుకు అది కానిదేదో చెప్పి నలభై ఏళ్లు నెట్టుకొచ్చాం. పొరుగువాడి పేరు చెప్పి మన ఇంటికి దారి చూపినట్లు.

సరే, అసలు విషయానికి వద్దాం. కాలేయం ఎక్కడ కూర్చుందో ఒకసారి ఆలోచించండి. కిలోన్నర బరువున్న ఈ అవయవానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు గుండె నుంచి నేరుగా రాదు. పేగులను చుట్టి, పోర్టల్ సిర గుండా వస్తుంది. అంటే తిన్నదానిలో చాలా భాగం, దానితోపాటు పేగుల్లోని కోటానుకోట్ల బ్యాక్టీరియా నుంచి రాలిన తునకలు కూడా, ముందుగా ఈ గుమ్మంలోకే వస్తాయి. చర్మం కింద ఒక బ్యాక్టీరియా తునక చేరితే ఎర్రగా వాచి చీము పడుతుంది. కాలేయంలోకి ప్రతి నిమిషం అలాంటివి వస్తుంటాయి. ప్రతిదానికీ ఉలిక్కిపడితే ఒక్క పూట కూడా బతకలేం. అందుకే దేహంలో ఇంత సహనం ఉన్న అవయవం మరొకటి అరుదు. 1969లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు రాయ్ కాల్న్ బృందం ఒక పందినుంచి మరో పందికి కాలేయం మార్పిడి చేసి చూసింది. మూత్రపిండమో చర్మమో అయితే కొద్ది రోజుల్లోనే దేహం తిరస్కరిస్తుంది. కాలేయాన్ని మాత్రం చాలా పందులు ఏ మందులూ లేకుండానే తమదిగా అంగీకరించాయి.

ఈ సహనాన్ని కాపాడేవాటిలో ముఖ్యమైనవి కుప్ఫర్ కణాలు. ఇవి మాక్రోఫేజ్‌లు, అంటే మింగే కణాలు. శరీరంలోని వివిధ కణజాలాల్లో స్థిరపడిన మాక్రోఫేజ్‌లలో నూటికి 80 నుంచి 90 వరకూ ఇక్కడే ఉన్నాయి. కాలేయంలోని సన్నని రక్తమార్గాల గోడలను పట్టుకుని, చేతులు రక్తంలోకి చాచి కూర్చుంటాయి. వచ్చిన బ్యాక్టీరియా తునకలను, కాలం తీరిన ఎర్రకణాలను గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తాయి. మింగడం సరే, గోల చేయకుండా మింగడంలో ఉంది వాటి నేర్పు.

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ. నాకు చాలా ఇష్టమైనది కాబట్టి వదలలేను. 1876లో కార్ల్ విల్‌హెల్మ్ ఫాన్ కుప్ఫర్ అనే జర్మన్ శరీరశాస్త్రవేత్త కాలేయ ముక్కలకు గోల్డ్ క్లోరైడ్ పూసి చూశాడు. నక్షత్రాల్లా కొమ్ములు చాచిన నల్లని కణాలు కనిపించాయి. వాటికి నక్షత్ర కణాలని పేరు పెట్టాడు. ఇరవై ఏళ్లు పైబడ్డాక, మింగే గుణమున్న కణాలను చూసి, ఇవీ అవీ ఒకటేనని ప్రకటించాడు. అది పొరపాటు. రెండూ వేర్వేరు. పోలండ్‌కు చెందిన తడెయుష్ బ్రొవిచ్ అదే కాలంలో మింగే కణాలను సరిగానే వర్ణించినా ఆయన పేరు నిలవలేదు. దాదాపు వందేళ్ల తరవాత, 1971లో, జపాన్ శాస్త్రవేత్త కెంజిరో వాకే పాత పద్ధతిలోనే రంగు వేసి చూసి చిక్కుముడి విప్పాడు. కుప్ఫర్ మొదట చూసినవి విటమిన్-ఎ దాచుకునే కణాలు. వాటినే ఇప్పుడు స్టెలేట్ కణాలంటాం. ఆయన పేరు మాత్రం తాను తరవాత చూసిన మింగే కణాలకు అంటుకుపోయింది. పేర్ల తగాదా ఎందుకంటారా? ఈ జబ్బులో ప్రధాన పాత్రలు ఆ రెండు కణాలవే. మింగే కణం కబురు పంపుతుంది, స్టెలేట్ కణం మచ్చ వేస్తుంది. కుప్ఫర్ మహాశయుడు ఒకే బల్లమీద రెండింటినీ చూశాడు.

ఇప్పుడు కొవ్వు. కాలేయంలో చేరే కొవ్వు అంతా పళ్లెంలోనుంచి నేరుగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. 2005లో రోగులలో కొవ్వు ఆమ్లాల జాడ తీసిన ఒక అధ్యయనంలో, 59 శాతం శరీరంలోని కొవ్వు కణజాలం నుంచి కారి వచ్చిందే. 26 శాతం కాలేయం తనే చక్కెరల వంటి వాటినుంచి తయారుచేసుకుంది. తిన్న కొవ్వు వాటా 15 శాతమే. అంటే మీ నడుం చుట్టూ ఉన్న కొవ్వు కణజాలం నిండిపోయి, ఇన్సులిన్ మాట వినడం మానేసి, రాత్రింబవళ్లు కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంటే కాలేయం వాటిని పట్టి దాచుకుంటోంది.

దాచుకోవడం తప్పా? ఇక్కడే మన ఊహ తలకిందులవుతుంది. 2007లో కొన్ని చిట్టెలుకల కాలేయంలో ట్రైగ్లిజరైడ్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును అణచి చూశారు. అనుకున్నట్టే కొవ్వు బిందువులు తగ్గాయి. కాలేయం దెబ్బతినడం మాత్రం పెరిగింది. ట్రైగ్లిజరైడ్‌గా మూటగట్టి పక్కన పెట్టిన కొవ్వు కణానికి పెద్దగా హాని చేయదు. మూటలోకి ఎక్కకుండా తిరిగే కొవ్వు ఆమ్లాలు, ముఖ్యంగా పామిటిక్ ఆమ్లం వంటి సంతృప్త రకాలు, వాటినుంచి పుట్టే సెరమైడ్లు, కణంలో పేరుకునే కొలెస్ట్రాల్ అసలు చేటు తెస్తాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అలసిపోతాయి. ప్రోటీన్లను మడిచే యంత్రాంగం తడబడుతుంది. కణం ఉబ్బి, బెలూనులా గుండ్రంగా, పాలిపోయి కనిపిస్తుంది. బయాప్సీ, అంటే సూదితో తీసిన కాలేయ ముక్క, చూసే వైద్యుడు వెతికేది ఈ బెలూను కణాలనే. నేను మొదటిసారి వాటిని చూసినప్పుడు తెరలో ఏదో మరక అనుకుని అద్దం తుడిచాను.

ఇలా ఉబ్బి చనిపోబోయే కణం మౌనంగా పోదు. తనలోని డీఎన్ఏ ముక్కలు, ఏటీపీ, కొన్ని ప్రోటీన్లు బయటికి విడుస్తుంది. ఇవన్నీ లోపలే ఉండవలసినవి. బయట కనబడ్డాయంటే ఎవరో చనిపోయారని అర్థం. పక్కనే ఉన్న కుప్ఫర్ కణం ఈ కబురు అందుకుంటుంది. అదే సమయంలో పేగు గోడ కూడా సడలి, మామూలుకన్నా ఎక్కువ బ్యాక్టీరియా తునకలు పోర్టల్ సిరలోకి వస్తుంటాయి. కుప్ఫర్ కణం ఉపరితలంమీద ఆ తునకలను గుర్తుపట్టే టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకం ఉంది. రెండు వైపులనుంచీ కబుర్లు వస్తుంటే ఎంతటి సహనశీలికైనా ఓర్పు నశిస్తుంది. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి సంకేతాలు వెలువడతాయి. సీసీఎల్-2 అనే మరో సంకేతం ఎముక మజ్జలోని మోనోసైట్లనే తెల్లకణాలను రమ్మని పిలుస్తుంది.

తరవాత జరిగేది నాకు ఈ కథలోకెల్లా విచిత్రంగా తోస్తుంది. కుప్ఫర్ కణాలు పుట్టుకతో వచ్చినవి. పిండదశలోనే కాలేయంలో చేరి, అక్కడే విభజన చెందుతూ జీవితమంతా ఉంటాయి. వాపు ముదిరేకొద్దీ ఇవి చనిపోవడం మొదలవుతుందని చిట్టెలుకలలో చూశారు. ఖాళీ అయిన చోటును మజ్జనుంచి వచ్చిన మోనోసైట్లు ఆక్రమించి, మాక్రోఫేజ్‌లుగా మారి, కొన్నాళ్లకు కుప్ఫర్ కణాల వేషం కూడా వేస్తాయి. కొత్త కాపురస్తులు, పాత ఇల్లు. ఇంటి వరస నేర్చుకుంటాయి కానీ పాతవాటి నిదానం వీటికి పూర్తిగా అబ్బదు. చిన్న కారణానికే పెద్ద గోల చేస్తాయి.

అయితే వీటిని దోషులుగా నిలబెట్టే తొందర వద్దు. వచ్చినవాటిలో కొన్ని ట్రెమ్-2 అనే గ్రాహకం ధరించి, చనిపోతున్న, కొవ్వు నిండిన కాలేయ కణం చుట్టూ కిరీటంలా చేరి, ఒలికిన కొవ్వును, శిథిలాలను తుడిచిపెడతాయి. ఆ గ్రాహకం లేకుండా పెంచిన చిట్టెలుకలలో జబ్బు ఇంకా ముదిరింది. మరోవైపు, 2019లో మనుషుల సిర్రోసిస్ కాలేయాలను ఒక్కొక్క కణంగా విడదీసి చూసినప్పుడు, మచ్చ ఉన్న చోటల్లా ఇదే ట్రెమ్-2 ధరించిన కణాలు కనిపించాయి. స్టెలేట్ కణాలను రెచ్చగొట్టేవీ అవే. ఊడ్చేదీ అదే, గోడ కట్టించేదీ అదే.

దీన్ని ఇంతకన్నా స్పష్టంగా చూపించిన ప్రయోగం 2005 నాటిది. చిట్టెలుకల కాలేయాన్ని రసాయనంతో గాయపరుస్తున్న సమయంలో మాక్రోఫేజ్‌లను తొలగిస్తే మచ్చ తగ్గింది. గాయపరచడం ఆపేసి, కాలేయం కోలుకుంటున్న సమయంలో తొలగిస్తే మచ్చ కరగకుండా ఉండిపోయింది. కణం ఒకటే, వేళ వేరు. నా విద్యార్థులకు ఏటా మొదటి తరగతిలో ఈ ప్రయోగం చెబుతాను. వాళ్లు మరిచిపోతారు. మందుల కంపెనీలూ మరిచిపోయాయి. ఆ సంగతి కాసేపట్లో.

మిగతా కణాల గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వస్తాయి, తమ డీఎన్ఏనే వలలా విసురుతాయి, ఆ వల పక్కనున్న ఆరోగ్యకరమైన కణాలనూ గాయపరుస్తుంది. టి కణాలనే మరో రకం తెల్లకణాల విషయం కొంచెం ఆసక్తికరం. సాధారణంగా సీడీ-8 టి కణం ఒక నిర్దిష్ట గుర్తును చూసి, వైరస్ సోకిన కణాన్నో క్యాన్సర్ కణాన్నో చంపుతుంది. 2021లో వచ్చిన పరిశోధనలో, ఫ్యాటీ లివర్ ఉన్న చిట్టెలుకల కాలేయంలో తిష్ఠ వేసిన కొన్ని టి కణాలు ఆ గుర్తు చూడకుండానే చుట్టుపక్కల కణాలను చంపుతున్నాయని తేలింది. ఇలాంటి కణాలు రోగులలోనూ కనిపించాయి. అదే సంవత్సరం మరో బృందం, కొవ్వు జబ్బు నేపథ్యంలో వచ్చిన కాలేయ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక కణాలను ప్రేరేపించే చికిత్స, అంతగా పనిచేయకపోవడానికి ఇటువంటి టి కణాలే కారణం కావచ్చని సూచించింది. దీనిమీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. శత్రువెవరో తెలియని సైనికుడు... చూశారా, జారింది నోరు. వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక మచ్చ. మామూలు రోజుల్లో స్టెలేట్ కణం విటమిన్-ఎ బిందువులను కడుపులో పెట్టుకుని నిద్రపోతున్నట్టుంటుంది. మాక్రోఫేజ్‌లనుంచి టీజీఎఫ్-బీటా అనే సంకేతం అందగానే ఆ బిందువులను పోగొట్టుకుని, పీచు నేసే కణంగా మారుతుంది. కొలాజెన్ పోగులు పేరుస్తూ పోతుంది. ఏళ్ల తరబడి రోగులను గమనించి 2015లో వెలువడిన అధ్యయనాలు ఒక మాట తేల్చాయి. రోగి ఎంతకాలం బతుకుతాడన్నది బయాప్సీలో కనిపించిన వాపుకన్నా మచ్చ మోతాదుమీద ఎక్కువ ఆధారపడి ఉంది. దీన్ని చూసి, అయితే వాపుకు ప్రాధాన్యం లేదని కొందరన్నారు. నేను ఒప్పుకోను. వాపు ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. బయాప్సీ తీసిన రోజున ఎలా ఉందో అదే కనిపిస్తుంది. మచ్చ అలా కాదు, ఇన్నేళ్ల వాపుకు అది రాసిపెట్టిన పద్దు. పద్దులో బాకీ కనబడితే రోజువారీ ఖర్చుకు సంబంధం లేదని ఎవరైనా అంటారా?

మందుల సంగతి చెబుతానన్నాను. వాపే దారి అయితే ఆ దారి మూసేస్తే సరి కదా? ఎంతో తర్కబద్ధంగా ఉంది. మోనోసైట్లను పిలిచే సంకేతాన్ని అడ్డుకోవడానికి సెనిక్రివిరాక్ అనే మందు తయారుచేశారు. రెండో దశ పరీక్షలో ఏడాదికి మచ్చ తగ్గినవారు మందు తీసుకున్నవారిలో 20 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 10 శాతం. ఆశ పుట్టింది. మూడో దశలో అది నిలవలేదు, పరీక్ష ఆపేశారు. కణాల మరణ సంకేతాలను ఆపే సెలొన్‌సెర్టిబ్, ఎమ్రికాసాన్ కూడా ఫలించలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మనం ఇన్నేళ్లూ పొగను గుప్పిట పట్టే ప్రయత్నం చేశాం. పైగా గాయం వేళ చెరుపు చేసే కణమే కోలుకునే వేళ మేలు చేస్తుందని 2005లోనే తెలిసి కూడా, అన్ని వేళల్లోనూ దాని దారి మూశాం.

ఆ తరవాత నెగ్గిన మందులు చూడండి. 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెస్మెటిరోమ్‌కు అనుమతినిచ్చింది. అది కాలేయ కణంలోని ఒక థైరాయిడ్ గ్రాహకాన్ని తట్టి కొవ్వును దహింపజేస్తుంది. 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కు అనుమతి దొరికింది. అది ప్రధానంగా ఆకలిని, బరువును తగ్గించేది. రెండూ రోగనిరోధక కణాలను గురిపెట్టి తయారైనవి కావు. అయినా వాపు తగ్గింది, కొందరిలో మచ్చ కూడా వెనక్కి తగ్గింది. మందులే అక్కరలేకుండా కూడా ఇది జరుగుతుందని క్యూబాలో 293 మందిమీద ఏడాదిపాటు నడిచి, 2015లో వెలువడిన అధ్యయనం చూపింది. శరీర బరువులో పదో వంతు, అంతకన్నా ఎక్కువ తగ్గినవారిలో 90 శాతం మందికి వాపు పోయింది, 45 శాతం మందికి మచ్చ తగ్గింది. అంత బరువు తగ్గగలిగినవారు పదిమందిలో ఒక్కరేనన్న సంగతి కూడా చెప్పాలి. ఆ రెండో అంకె చెప్పకుండా మొదటి అంకె మాత్రమే చెప్పే వైద్యులంటే నాకు కోపం.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఈ కణాలు జవాబు చెబుతున్నాయి. వాటిని అడుగుతున్న ప్రశ్న కొవ్వు ఆమ్లాల రూపంలో పోర్టల్ సిరలోనుంచి, నడుం కొవ్వులోనుంచి వస్తోంది. ప్రశ్న ఆగితే జవాబు ఆగుతుంది. కాలేయాన్ని "శుభ్రం చేస్తామని", "వాపు హరిస్తామని" అమ్మే గుళికలు ఈ లెక్కలో ఎక్కడా లేవు. వాటిలో కొన్ని, ముఖ్యంగా గాఢమైన గ్రీన్ టీ సారం ఉన్నవి, ఉన్న కాలేయాన్నే దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి.

ప్రశ్నలకు సమయం ఉందంటున్నారు. అడగండి.

సన్నగా ఉన్నవాళ్లకూ ఎందుకు వస్తుందని అడిగారు. మంచి ప్రశ్న. బయటికి సన్నగా కనిపించినా పొట్ట లోపల కొవ్వు ఉండవచ్చు, అది మొదటి మాట. రెండోది జన్యువులు. పీఎన్‌పీఎల్‌ఏ-3 అనే జన్యువులో ఒక చిన్న మార్పు ఉంటే కాలేయంలో కొవ్వు ఎక్కువ చేరుతుందని 2008లో కనుగొన్నారు. ఆ మార్పు ఉన్నవారి కాలేయ కణం తన కొవ్వు బిందువులను సరిగా విడగొట్టలేదు. సన్నగా ఉన్నవాళ్లలోనూ ఈ మార్పు ఉండవచ్చు.

వెనకనుంచి చేయి ఎత్తినవారు... వాపు ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుందా అంటున్నారు. సూటిగా చెప్పే పరీక్ష ఇంకా చేతికి రాలేదు. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ అనే ఎంజైము మామూలుగా ఉన్నవారిలో కూడా వాపు, మచ్చ రెండూ ఉండవచ్చు. బయాప్సీ చెబుతుంది కానీ, సూదికి వచ్చే ముక్క మొత్తం కాలేయంలో యాభై వేల వంతు మాత్రమే. అందుకే మచ్చను అంచనా వేయడంతో మొదలుపెడతాం. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. మీ దగ్గర ఉన్న పాత రిపోర్టులే చాలు. వయసును ఏఎస్‌టీతో, అంటే ఏఎల్‌టీ లాంటి మరో ఎంజైము అంకెతో, గుణించండి. ఆ వచ్చినదాన్ని, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించిన ఫలితంతో భాగించండి. ప్లేట్‌లెట్లు రెండు లక్షలుంటే లెక్కలో 200 అని వేసుకోవాలి. ఉదాహరణకు వయసు 50, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు. పైన 2000, కింద 1400. వచ్చింది 1.43. ఈ సంఖ్య 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ. అరవై అయిదు దాటినవారికి ఆ హద్దు 2. మన ఉదాహరణలోని మనిషి హద్దు దాటాడు, కాబట్టి జబ్బు ముదిరిందని కాదు. కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పే ఎలాస్టోగ్రఫీ స్కాన్ తీయించాలని అర్థం. ముప్పై అయిదు లోపు వారికి ఈ లెక్క నమ్మకంగా పనిచేయదు, వాళ్లు వేసుకోకండి.

ప్లేట్‌లెట్లు ఎందుకంటారా? మచ్చ ముదిరితే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుతుంది. రక్తంలో వాటి లెక్క తగ్గుతుంది. ఏఎల్‌టీ కింద ఉండటం కూడా గమనించారు కదా, మచ్చ ముదిరేకొద్దీ ఏఎల్‌టీ తగ్గి ఏఎస్‌టీ దాన్ని దాటిపోతుంది. ఏఎల్‌టీ తగ్గిందని సంబరపడిన రోగులను నేను చూశాను. రిపోర్టు తెచ్చినవాళ్లెవరైనా ఉంటే ముందుకు రండి, కలిసి లెక్క వేద్దాం. వర్గమూలానికి మాత్రం ఫోను తీయండి, నాకు నోటికి రాదు.